నూటికి నూరూ పట్టేస్తుందట! ఎనిమిది ఛానెళ్ల డిజిటైజర్‌ను బెంగళూరులో బల్ల మీద పెట్టి కొలిస్తే

డిజిటైజర్ అంటే డిటెక్టర్ ఇచ్చే విద్యుత్ పల్సులను అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి పంపే పెట్టె. దాని బ్రోషర్‌లోనూ అమ్మే ఆయన నోటి వెంటా ఒకటే మాట: "1,800 హెర్ట్జ్ దాకా ఎఫిషియెన్సీ హండ్రెడ్ పర్సెంట్ సార్." ఆ మాట అబద్ధం కాదు. అలాగని దాన్ని నమ్మి, పెట్టె విప్పింది విప్పినట్టే డిటెక్టర్ తగిలిస్తే, అందులో సగం రేటుకే మూడింట ఒక వంతు ఈవెంట్లు (రికార్డు కావాల్సిన పల్సులు) గంగలో కలుస్తాయి. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నదే ఈ రివ్యూలో అసలు సంగతి. మిగతావి, అంటే పెట్టె అందచందాలు, సాఫ్ట్‌వేర్ రంగులు, చివర్లో రెండు ముక్కల్లో తేల్చేద్దాం.

ముందు వస్తువు. చెప్పుల డబ్బా అంత పెట్టె. ఎనిమిది ఛానెళ్లు, 14 బిట్లు, సెకనుకు 12.5 కోట్ల శాంపిళ్లు, అంటే శాంపిల్‌కి 8 నానోసెకన్లు. వెనకవైపు యూఎస్‌బీ 2.0, గిగాబిట్ ఈథర్‌నెట్, 12 వోల్ట్ల అడాప్టర్ సాకెట్. ముందువైపు ట్రిగ్గర్ ఇన్ (రికార్డు చెయ్యమని చెప్పే సంకేతానికి), బిజీ అవుట్ (ఇప్పుడు ఇంకోటి తీసుకోలేనని పెట్టె చెప్పే సంకేతానికి), క్లాక్ ఇన్. కాలేజీ న్యూక్లియర్ ల్యాబ్‌లు, సింటిలేటర్ పలకలతో (కణం తగిలితే మెరిసేవి) ఆకాశం నుంచి పడే మ్యూయాన్ కణాలు లెక్కపెట్టేవాళ్లు, చిన్నాచితకా ఆర్‌పీసీ (రెసిస్టివ్ ప్లేట్ ఛాంబర్ అనే డిటెక్టర్) ప్రోటోటైపులు చేసేవాళ్లు కొనే తరగతి సరుకు. కంపెనీ పేరు రాయడం లేదు. చేతికొచ్చింది ఒక్క యూనిట్. దాన్ని చూసి కంపెనీ మొత్తానికి మార్కులేయడం న్యాయం కాదు. ఎలాగూ ఇక్కడ చెప్పే పరీక్ష ఏ కంపెనీ డిజిటైజర్‌కైనా వర్తిస్తుంది.

ఎఫిషియెన్సీ అనే ఒక్క మాటను ముగ్గురు మూడు అర్థాల్లో వాడతారు. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. కణం దూసుకుపోయినప్పుడు డిటెక్టర్ పల్స్ ఇచ్చిందా అన్నది ఒకటి. ఆ పల్స్ త్రెషోల్డ్, అంటే లెక్కలోకి రావడానికి ఉండాల్సిన కనీస ఎత్తు, దాటిందా అన్నది రెండోది. దాటి ట్రిగ్గరయ్యాక ఆ ఈవెంట్ చెక్కుచెదరకుండా డిస్క్ మీద ఫైల్‌లోకి చేరిందా అన్నది మూడోది. డిజిటైజర్ అమ్మేవాడు జవాబు చెప్పాల్సింది ఈ మూడోదానికే. దాన్ని కొలిచే సూత్రం చాలా తేలిక: ఫైల్‌లోకి చేరిన ఈవెంట్లను, పెట్టె గుమ్మం దాకా వచ్చిన ట్రిగ్గర్లతో భాగించడం. ఈ రెండు అంకెలనూ ఎక్కడ లెక్కపెడతారన్నదే కష్టమైన సంగతి. రెండింటినీ పెట్టెనే అడిగితే అది తన పరీక్ష పేపర్ తానే దిద్దుకున్నట్టు.

అందుకే జాలహళ్లి మేడగదిలో బల్ల మీద అమరిక ఇలా పెట్టాం. ట్రిగ్గర్లు పుట్టించేదీ, వాటిని లెక్కపెట్టేదీ విడిగా ఒక చిన్న ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే రాసుకోగల చిప్) బోర్డు. దానికి దాని సొంత 50 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. డిజిటైజర్ క్లాక్‌కీ దీనికీ ఏ సంబంధమూ ఉండకూడదు. ఫైల్‌లో ఎన్ని ఈవెంట్లున్నాయో చెప్పేది కంపెనీ సాఫ్ట్‌వేర్ తెర కాదు, బైట్లు చదివి హెడర్లు (ఒక్కో ఈవెంట్ ముందుండే గుర్తింపు బైట్లు) లెక్కపెట్టే ముప్పై లైన్ల సొంత పైథాన్ స్క్రిప్టు. పరుగు (ఒక విడత కొలత) మొదట్లోనూ చివర్లోనూ ట్రిగ్గర్ ఆపి, పెట్టె బఫర్లు (పంపేదాకా ఈవెంట్లను దాచే మెమరీ) పూర్తిగా ఖాళీ అయ్యాకే రెండు లెక్కలూ చదవాలి. ఇది మరిస్తే బఫర్లలో మిగిలిపోయిన పది పదిహేను ఈవెంట్లు "నష్టం" ఖాతాలో పడతాయి.

కేబుళ్ల దగ్గర చాలామంది బోర్లా పడతారు. పెట్టె లోపల ఛానెల్‌కొక జంపర్ ఉంది: 50 ఓమ్‌లు లేదా 1 మెగాఓమ్. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు అన్నీ 1 మెగాఓమ్‌లోనే ఉంటాయి. ఆర్‌జీ-174 కేబుల్‌లో సిగ్నల్ మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. మూడు మీటర్ల కేబుల్ చివర టెర్మినేషన్ (పల్స్‌ను పీల్చుకునే 50 ఓమ్‌ల నిరోధం) లేకపోతే పల్స్ వెనక్కి తన్ని, మళ్లీ 30 నానోసెకన్లకు గంతేస్తూ వస్తుంది. ఆ రెండో గంతు త్రెషోల్డ్ దాటిందంటే బయటి కౌంటర్ ఒక పల్స్‌ని రెండుగా లెక్కపెడుతుంది. అప్పుడు పాపం నిక్షేపంలా ఉన్న డిజిటైజర్ కూడా "50 శాతమే" అని కనబడుతుంది. ఎఫిషియెన్సీ సరిగ్గా సగం దగ్గర ఆగిందంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే. అలాగని రెండు చివర్లా, టీ జాయింట్ దగ్గరా కూడా 50 ఓమ్‌లు తగిలిస్తే పల్స్ ఎత్తు పడిపోయి ఇంకో తంటా. గొలుసు చివర ఒక్కచోటే టెర్మినేషన్. ఎస్పీ రోడ్డులో బీఎన్‌సీ, ఎస్ఎంఏ కనెక్టర్లు ఎన్ని కావాలంటే అన్ని దొరుకుతాయి, తెలుగులో అడిగితే తెలుగులోనే ధర చెబుతారు. లెమో కనెక్టర్ అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. దాన్ని ముందే ఆర్డర్ పెట్టుకోవాలి.

ఇక పరీక్ష. మొదట కంపెనీవాళ్లు చేసినట్టే చేశాం. సమాన వ్యవధుల్లో కొట్టే పల్సర్, ఎనిమిది ఛానెళ్లూ ఆన్, ఛానెల్‌కి 1,024 శాంపిళ్లు, యూఎస్‌బీ. ఒక్కో శాంపిల్ రెండు బైట్లు, కాబట్టి ఎనిమిది ఛానెళ్లకు 16,384 బైట్లు, పైన 64 బైట్ల హెడర్. ఈవెంట్ బరువు 16,448 బైట్లు. సెకనుకు 1,800 ఈవెంట్లంటే 29.6 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0 కాగితం మీద సెకనుకు 60 మెగాబైట్లు, చేతికొచ్చేది అందులో సగం కాస్త అటూ ఇటూ. అంటే బ్రోషర్‌లోని 1,800 అనేది ఎలక్ట్రానిక్స్ గొప్పతనమూ కాదు, లోపమూ కాదు, ఆ తీగ సామర్థ్యం. 1,800 దాకా ఒక్క ఈవెంటూ పోలేదు. ఆ గీత దాటగానే గోడకు గుద్దుకున్నట్టు పడిపోయింది. బ్రోషర్ నిజమే చెప్పింది.

అయితే ప్రకృతి గడియారం చూసుకుని పల్స్ కొట్టదు. రేడియోధార్మిక మూలకమైనా, పైనుంచి పడే మ్యూయానైనా వచ్చేది యాదృచ్ఛికంగా. సగటున సెకనుకు 900 అంటే ప్రతి 1.11 మిల్లీసెకన్లకూ ఒకటి అని కాదు. ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి వస్తుంది, తర్వాత నాలుగు మిల్లీసెకన్లు ఏమీ ఉండదు. ఒక ఈవెంట్ యూఎస్‌బీ దాటడానికి 0.556 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. సమంగా వచ్చేవి ఎప్పుడూ ఆ ఖాళీలో ఇమిడిపోతాయి. యాదృచ్ఛికంగా వచ్చేవి ఇమడవు. లెక్క చాలా పాతది: వచ్చే రేటును డెడ్‌టైమ్‌తో (ఒక ఈవెంట్ పనిలో ఉండి ఇంకోటి తీసుకోలేని సమయం) హెచ్చించి, దానికి ఒకటి కలిపి, ఆ మొత్తంతో ఒకటిని భాగిస్తే ఎఫిషియెన్సీ. 900 హెర్ట్జ్ దగ్గర ఆ లబ్ధం 0.5, కాబట్టి ఎఫిషియెన్సీ 66.7 శాతం. బల్ల మీద లక్ష ట్రిగ్గర్లకు వచ్చింది 66.5. లక్షకు ఈ అంకెలో ఊగిసలాట 0.15 శాతం దాకా ఉంటుంది గనుక రెండూ ఒకటే అనుకోవచ్చు. 1,440 హెర్ట్జ్ దగ్గర ఎఫిషియెన్సీ 55.6 కావాలి, అయింది కూడా.

ఇదే పెట్టె, ఇదే తీగ, బ్రోషర్ గీతలో సగం రేటు. మూడింట ఒకటి మాయం.

ఎందుకంటే ఫ్యాక్టరీ సెట్టింగులో బఫర్ల సంఖ్య ఒకటి. మెమరీ మొత్తాన్ని ఒకే పెద్ద గదిగా ఉంచి పంపిస్తున్నారు. ఆ గది ఖాళీ అయితేగానీ రెండో ఈవెంట్‌కి చోటు లేదు. మెనూలో మూడో పేజీలో, "అడ్వాన్స్‌డ్" కింద, దాన్ని 64 దాకా ముక్కలు చేసుకునే వీలుంది. తిరుమలలో జనం ఎంత గుంపులుగా వచ్చినా ముందు కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి, గర్భగుడి ముందు మాత్రం ఒకే వేగంతో కదిలిస్తారు చూడండి, బఫర్ల పనీ అదే. వచ్చేది గుంపుగా వచ్చినా బయటికి పోయేది సమంగా పోతుంది. బఫర్లను 8 చేసి 900 హెర్ట్జ్ యాదృచ్ఛిక ట్రిగ్గర్లు ఇస్తే 66.5 కాస్తా 99.2 అయింది. పైసా ఖర్చు లేదు, ఒక్క సెట్టింగు.

మరి ఆ మిగిలిన 0.8 ఎటు పోయింది? క్యూ లెక్క ప్రకారం తీగ సామర్థ్యంలో సగం రేటుకు 8 బఫర్లుంటే, అవి నిండడం వల్ల పోయేవి లక్షకు ఐదారుకు మించవు. ఇది బఫర్ నష్టం కాదన్నమాట. 1,024 శాంపిళ్లంటే 8.19 మైక్రోసెకన్ల కిటికీ. ఒక ఈవెంట్‌ను రికార్డు చేస్తున్నంతసేపు ఈ పెట్టె ఇంకో ట్రిగ్గర్ తీసుకోదు. 900 హెర్ట్జ్‌ని 8.19 మైక్రోసెకన్లతో హెచ్చిస్తే 0.74 శాతం. సరిపోయింది. ఈ నష్టానికి ఎన్ని బఫర్లు పెట్టినా మందు లేదు. కిటికీ చిన్నది చేసుకోవాలి. సింటిలేటర్ పల్స్ మొత్తం వెడల్పు 100 నానోసెకన్లు కూడా ఉండదు, దానికి 1,024 శాంపిళ్లు దేనికి? 256 పెడితే కిటికీ 2 మైక్రోసెకన్లవుతుంది, ఈవెంట్ బరువు 4,160 బైట్లకు పడిపోతుంది, అదే యూఎస్‌బీ మీద 7,000 హెర్ట్జ్ దాకా పోవచ్చు. సోడియం అయొడైడ్ లాంటి నిదానం క్రిస్టల్‌కి కూడా 256 చాలు. శాంపిళ్లు ఎక్కువుంటే మంచిదనే భ్రమ ఇక్కడ పనికిరాదు.

1,440 హెర్ట్జ్ దగ్గర, అంటే తీగ సామర్థ్యంలో 80 శాతం దగ్గర, 8 బఫర్లతో క్యూ నష్టం 0.87 శాతం, కిటికీ నష్టం ఇంకో 1.2. కొలిస్తే 97.9 వచ్చింది. 16 బఫర్లు పెడితే క్యూ నష్టం పదివేలకు మూడుకు పడిపోతుంది. తీగ సామర్థ్యంలో 95 శాతం దగ్గర, అంటే 1,710 హెర్ట్జ్‌కి, 8 బఫర్లు చాలవు. బఫర్లు నిండడం వల్లే నాలుగున్నర శాతం పోతాయి. 64 పెడితే అది దాదాపు సున్నా. ఇంత తేడా ఉన్నప్పుడు 64నే ఫ్యాక్టరీ సెట్టింగుగా ఎందుకు పంపరు? ఒకటే బఫర్ అయితే ఒక్క ఈవెంట్‌కి చాలా పొడుగు రికార్డు తీసుకోవచ్చు, డెమోలో తెర మీద అలలు అందంగా కనిపిస్తాయి. అంతకుమించి కారణం కనబడలేదు.

ఇంతకూ యాదృచ్ఛిక ట్రిగ్గర్ పుట్టించడం ఎలా? ఎఫ్‌పీజీఏలో అయితే ప్రతి క్లాక్‌కీ 32 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య ఒకటి తీసి, ఒక హద్దు కన్నా తక్కువైతే పల్స్ కొట్టమనాలి. 50 మెగాహెర్ట్జ్ క్లాక్‌కి 900 హెర్ట్జ్ కావాలంటే ఆ హద్దు 77,309. వినడానికి ఇంత సులువు, ఇందులో రెండు గోతులున్నాయి. ఆ సంఖ్యలు తీసే షిఫ్ట్ రిజిస్టర్ (బిట్లను జరుపుతూ కొత్త సంఖ్యలు పుట్టించే సర్క్యూట్) కూడా 32 బిట్లదే అయితే 429 కోట్ల అడుగుల తర్వాత మొదటికొస్తుంది. 50 మెగాహెర్ట్జ్ దగ్గర అంటే 86 సెకన్లకే. పది నిమిషాల పరుగులో అదే వరస ఏడుసార్లు తిరుగుతుంది. ఈవెంట్లు పెరిగినట్టుంటుంది, కొత్త సమాచారం ఏమీ రాదు. 64 బిట్ల రిజిస్టర్ వాడాలి. రెండో గొయ్యి: క్లాక్‌కి ఒక్క బిట్టే జరిపితే పక్కపక్క సంఖ్యలు అన్నదమ్ముల్లా ఉంటాయి, పల్సులు గుంపులు గుంపులుగా పడతాయి. ఒక్క క్లాక్‌లో 32 బిట్లూ జరిగేలా రాయాలి. పల్సర్ సరిగ్గా ఉందో లేదో తేల్చడానికి పల్సుల మధ్య వ్యవధుల హిస్టోగ్రామ్ వేసి, నిలువు అక్షాన్ని లాగ్ స్కేలులో పెట్టి చూడండి. తిన్నని వాలు గీత రావాలి, సగటూ ప్రామాణిక విచలనమూ సమానంగా ఉండాలి. వంకర కనబడితే డిజిటైజర్‌ను పరీక్షించడం ఆపి పల్సర్‌ను బాగుచేసుకోండి.

ఎఫ్‌పీజీఏ రాయడం రానివాళ్లకు ఇంకో దారి: చీకటి పెట్టెలో ఫొటోమల్టిప్లయర్ (మసక వెలుగును విద్యుత్ పల్సులుగా మార్చే గొట్టం) ముందు ఒక ఎల్ఈడీ. దానికి పల్సులు కాదు, కొద్ది మైక్రోఆంపియర్ల నిలకడైన కరెంటు ఇవ్వాలి. మసక వెలుగులో ఒక్కో ఫొటాన్ తన ఇష్టం వచ్చినప్పుడు తగులుతుంది, అంతకన్నా నికార్సైన యాదృచ్ఛికత కొన్నా దొరకదు. కరెంటు పెంచితే రేటు పెరుగుతుంది. లైసెన్సు గొడవ లేని గామా మూలం కావాలంటే పొటాషియం క్లోరైడ్ ఉంది. ఎరువుల కొట్టులో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటారు. కిలోకి సెకనుకు పదహారు వేల విఘటనలు, వాటిలో పదింట ఒకటికి కాస్త పైన 1.46 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ గామా ఇస్తాయి. అయితే అవి నలుదిక్కులకూ పోతాయి కాబట్టి డిటెక్టర్‌కి తగిలేవి తక్కువే. స్పెక్ట్రమ్ సరిచూసుకోవడానికి బాగుంటుంది, డెడ్‌టైమ్ పరీక్షకు చాలదు.

పెట్టెలోనే ఒక టెస్ట్ పల్సర్ ఉంది. ఫోన్‌లో మాట్లాడిన సర్వీస్ ఇంజనీరుది నెల్లూరు యాస, మర్యాదస్తుడు. "ఏమండీ, ఆ హండ్రెడ్ పర్సెంట్ ఈ లోపలి పల్సర్‌తోనే కొలిచారా?" అంటే, "అవునండీ, ఫ్యాక్టరీ టెస్టు అంతా దాంతోనే. కస్టమర్లు ఇంతవరకు ఎవరూ అడగలేదండి" అన్నాడు. ఆ పల్సర్ నడిచేది డిజిటైజర్ సొంత క్లాక్ మీద. అంటే పల్స్ ఎప్పుడూ శాంపిల్ మధ్యలో ఒకే చోట పడుతుంది. నిజం పల్స్ 8 నానోసెకన్ల లోపల ఎక్కడైనా పడొచ్చు. క్లాక్ అంచు మీద పడినప్పుడు ట్రిగ్గర్ ఒక శాంపిల్ అటూ ఇటూ దూకడం లాంటివి ఆ పల్సర్‌కి ఎన్నటికీ కనబడవు. పైగా అది దూరేది ఏడీసీ (పల్స్‌ను అంకెలుగా మార్చే చిప్) తర్వాత. ముందున్న యాంప్లిఫయర్ కాలిపోయినా అది "ఓకే" అంటుంది. అనలాగ్ వైపు చూడాలంటే ఇన్‌పుట్‌లో 1 పికోఫారడ్ కెపాసిటర్ ద్వారా 10 మిల్లీవోల్ట్ల మెట్టు ఇస్తే సరిగ్గా 10 ఫెమ్టోకూలంబులు దిగుతాయి. మెట్టును పెంచుతూ పోయి ఎంత శాతం ట్రిగ్గరవుతున్నాయో గీస్తే ఎస్ ఆకారం వస్తుంది, 50 శాతం దగ్గరున్నదే అసలు త్రెషోల్డ్. మా యూనిట్‌లో ఏడు ఛానెళ్లు బాగానే ఉన్నాయి. ఆరో నంబర్ ఛానెల్ ఎస్ మాత్రం మిగతావాటికన్నా సాగిలపడింది, అంటే రొద ఎక్కువ. అడాప్టర్ తీసేసి ల్యాబ్ లీనియర్ సప్లై పెడితే అదీ దారికొచ్చింది. దోషం ఛానెల్‌ది కాదు, దాని పక్కనుంచి పోయే పవర్ తీగది. త్రెషోల్డ్ మరీ కిందికి దించి ఇలాంటి రొదను ట్రిగ్గర్లుగా మింగిస్తే, వాటి డెడ్‌టైమ్‌లో అసలు ఈవెంట్లు కొట్టుకుపోతాయి. త్రెషోల్డ్ తగ్గిస్తే ఎఫిషియెన్సీ పెరగాలి గదా అనుకునేవాళ్లకు ఇది ఎదురుదెబ్బ.

ఇప్పుడు అసలైన ఫిర్యాదులు, రెండున్నాయి.

మొదటిది ఈథర్‌నెట్. గిగాబిట్ తీగ మీద సెకనుకు 110 మెగాబైట్లు పోతే 16,448 బైట్ల ఈవెంట్లు 6,600 దాకా రావాలి. 4,000 హెర్ట్జ్ దగ్గరే ఫైల్‌లో ఈవెంట్లు తగ్గడం మొదలైంది. పెట్టె తెర మీద మాత్రం "లాస్ట్: 0". పెట్టె తరఫున చూస్తే అదీ నిజమే, అది పంపేసింది. పంపేది యూడీపీ ప్యాకెట్లుగా. అందినట్టు రసీదు అడగని పద్ధతి అది. లినక్స్‌లో ఒక సాకెట్‌కి మామూలుగా ఇచ్చే రిసీవ్ బఫర్ 212,992 బైట్లు, అంటే పదమూడు ఈవెంట్లు కూడా పట్టవు. డిస్క్ మీద రాయడానికి కంప్యూటర్ నాలుగు మిల్లీసెకన్లు అటు తిరిగిందా, అంతే సంగతులు. సిస్టమ్ సెట్టింగుల్లో రిసీవ్ బఫర్ గరిష్ఠాన్ని 64 మెగాబైట్లకు పెంచి, ప్రోగ్రామ్‌లో సాకెట్‌కి కూడా అంతే అడిగి, నెట్‌వర్క్ కార్డులో 9,000 బైట్ల జంబో ఫ్రేములు ఆన్ చేసి, చదివే పనినీ డిస్క్ మీద రాసే పనినీ రెండు వేర్వేరు థ్రెడ్లకు అప్పగిస్తే 6,000 దాకా కుదుటపడింది. మధ్యలో చవక స్విచ్ పెట్టకుండా పెట్టె నుంచి కంప్యూటర్‌కి నేరుగా తీగ లాగండి. ఇందులో ఒక్క ముక్కా మాన్యువల్‌లో లేదు. కంపెనీని తప్పుపట్టాల్సింది నష్టం జరిగినందుకు కాదు, హెడర్‌లో ఈవెంట్ నంబర్ ఉండి కూడా వాళ్ల సాఫ్ట్‌వేర్ వరసలో ఖాళీలు వెతకనందుకు.

రెండోది ఇంకా చెడ్డది: బిజీ సిగ్నల్. ట్రిగ్గర్ అందాక బిజీ లేవడానికి 120 నానోసెకన్లు పడుతోంది. స్కోపులో ట్రిగ్గర్, బిజీ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే స్పష్టంగా కనబడుతుంది. 1,440 హెర్ట్జ్ దగ్గర ఆ సందులో ఇంకో ట్రిగ్గర్ దూరే అవకాశం 0.017 శాతం. ఒకే పెట్టె వాడేవాళ్లకు ఇది లెక్కలోకి రాదు. రెండు పెట్టెలు కలిపి వాడితే మాత్రం కొంప మునుగుతుంది. సందులో వచ్చిన ఆ పల్స్‌ని ఒక పెట్టె ఇదివరకే కిటికీ తెరిచి ఉండి వదిలేస్తుంది, కేబుల్ పొడుగు తేడా వల్ల ఇంకోటి పట్టుకుంటుంది. అక్కడి నుంచి మొదటి పెట్టెలోని 5,001వ ఈవెంట్ రెండో పెట్టెలోని 5,002వదానికి జత అవుతుంది, పరుగు ఆపేదాకా అన్నీ తప్పుడు జతలే. ఈ లెక్కన సగటున నాలుగు సెకన్లకొకసారి ఆ ప్రమాదం. ఎఫిషియెన్సీ 99.98 అని మురిసిపోతూ చేతిలో ఉన్న డేటా అంతా చెత్త కావడమంటే ఇదే.

దీనికి మందు చవకే. ట్రిగ్గర్‌ను ముందు ఒక గేట్ జనరేటర్‌లోకి పంపి, తన వెనకే ఒక మైక్రోసెకన్ సేపు తలుపేసుకునేలా పెట్టాలి. ఆ గేటునూ రెండు పెట్టెల బిజీలనూ ఓఆర్ చేసి, అంటే ఏ ఒక్కటి ఉన్నా చాలన్నట్టు కలిపి, ట్రిగ్గర్‌ను ఆపేసే వీటోగా ఇవ్వాలి. ఎన్ఐఎం (న్యూక్లియర్ ల్యాబ్‌ల ప్రామాణిక ఎలక్ట్రానిక్స్) మాడ్యూళ్లుంటే పది నిమిషాల పని, లేకపోతే అదే ఎఫ్‌పీజీఏలో నాలుగు లైన్లు. ఎన్ఐఎం సిగ్నల్ 50 ఓమ్‌లలోకి మైనస్ 0.8 వోల్టులని, పెట్టె ముందువైపు స్విచ్ టీటీఎల్‌లో (ప్లస్ వోల్టేజీతో నడిచే ఇంకో ప్రమాణం) ఉంటే అది ఆ సిగ్నల్‌ని చూడనే చూడదని మరవొద్దు. పెద్ద ప్రయోగాలూ ఇలాంటి ముందుజాగ్రత్తతోనే నడుస్తాయి. సెర్న్ కణ ప్రయోగశాలలోని సీఎంఎస్ అనే భారీ డిటెక్టర్‌లో 25 నానోసెకన్లకొకసారి ప్రోటాన్ గుత్తులు ఎదురుపడతాయి, అందులోంచి మొదటి స్థాయి ట్రిగ్గర్ సెకనుకు లక్ష దాకా ఏరుతుంది. అయినా మూడు వరస క్రాసింగుల్లో ఒకటికి మించి ట్రిగ్గర్ ఇవ్వకూడదని నియమం పెట్టుకున్నారు. వెనకున్న ఎలక్ట్రానిక్స్ ఉక్కిరిబిక్కిరి కాకుండా తామే తెలిసి కాస్త వదులుకుంటారు.

ఎదురు కొసన కోలార్ ఉంది. బెంగళూరు నుంచి వంద కిలోమీటర్ల దూరంలో, రెండు కిలోమీటర్లకు పైగా లోతున్న బంగారు గనిలో, 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. అంత లోతున ఈవెంట్లు నెలకు లెక్కపెట్టేటన్ని. అక్కడ డెడ్‌టైమ్ ప్రశ్నే లేదు, వేళకాని వేళ వచ్చిన ఒక్కదాన్నీ టైమ్‌తో సహా పట్టుకోవడమే ముఖ్యం. ఆ తరహా నిదానపు పనికి ఈ పెట్టెలో ఒక చిక్కుంది. టైమ్‌స్టాంపు 32 బిట్లది, 8 నానోసెకన్ల లెక్కన 34.36 సెకన్లకు తిరిగి సున్నాకొస్తుంది. రెండు ఈవెంట్ల మధ్య అంతకన్నా ఎక్కువ ఖాళీ వస్తే ఎన్ని చుట్లు తిరిగిందో ఫైల్ చూసి చెప్పలేం. ఇరవై సెకన్లకొక నకిలీ ట్రిగ్గర్ ఇచ్చి, విశ్లేషణలో దాన్ని తీసేయడమే దారి. ఈవెంట్ కౌంటర్ 24 బిట్లది, 5,000 హెర్ట్జ్ దగ్గర 56 నిమిషాలకు తిరుగుతుంది. ఖాళీలు వెతికే స్క్రిప్టులో ఆ సంగతి రాయకపోతే గంటకొకసారి కోటీ అరవై ఏడు లక్షల ఈవెంట్లు పోయాయని గగ్గోలు పెడుతుంది.

ఎంతసేపు కొలవాలన్నదానికి ఒక కొండగుర్తు. నష్టం వెయ్యికి ఒకటి ఉంటుందనుకుంటే, దాన్ని పది శాతం ఖచ్చితత్వంతో చెప్పడానికి వంద నష్టాలు కళ్లబడాలి, అంటే లక్ష ట్రిగ్గర్లు. ఒక్కటీ పోలేదంటే "నష్టం సున్నా" అని రాయకూడదు. ఇచ్చిన ట్రిగ్గర్లతో 3ని భాగించి, నష్టం అంతకన్నా తక్కువ అని 95 శాతం నమ్మకంతో రాయాలి. పదివేల ట్రిగ్గర్లతో "వంద శాతం" అనేవాళ్లు నిజానికి చెబుతున్నది 99.97కి పైన అని మాత్రమే.

మిగతావి త్వరగా. పెట్టె లోపల ఫ్యాన్ గోల ఎక్కువ. మూడు గంటలు నడిచినా బేస్‌లైన్ (పల్స్ లేనప్పటి మట్టం) పెద్దగా జరగలేదు, అది మెచ్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో నడుస్తుంది, విండోస్ వెర్షన్‌ కన్నా నిలకడగా. ఫైల్ ఫార్మాట్ మాన్యువల్‌లో బైటు బైటునా రాశారు. ఈ తరగతి సరుకులో అది అరుదు, ఈ పెట్టెకు అదే పెద్ద ప్లస్. సర్వీసు వాళ్లు ఫోన్ ఎత్తుతారు, బిజీ ఆలస్యం సంగతి ఒప్పుకున్నారు కూడా. ఫర్మ్‌వేర్ ఎప్పుడిస్తారో తేదీ మాత్రం చెప్పలేదు.

ఒకే పెట్టెతో, కొన్ని వేల హెర్ట్జ్ లోపు, ఎమ్మెస్సీ ల్యాబ్‌కో ప్రోటోటైప్ పలకలకో అయితే తీసుకోవచ్చు. బఫర్లు 64, శాంపిళ్లు 256, జంపర్లు 50 ఓమ్‌లు, ఇవి మొదటి రోజే మార్చుకోండి. రెండు మూడు పెట్టెలు జతచేసి బీమ్ దగ్గరికి తీసుకెళ్దామనుకునేవాళ్లు బిజీ బాగుపడేదాకా ఆగడం మేలు. డెమోకి పిలిచినప్పుడు మీ యాదృచ్ఛిక పల్సర్ మీరే పట్టుకెళ్లండి. అరచేతిలో ఇమిడే బోర్డు, మొబైల్ పవర్ బ్యాంకు మీద నడుస్తుంది. వాళ్లు చెప్పిన గరిష్ఠ రేటులో 80 శాతానికి దాన్ని పెట్టి, వాళ్ల సెట్టింగులేవీ ముట్టుకోకుండా లక్ష ట్రిగ్గర్లు ఇవ్వండి. పని నిమిషంన్నర కూడా పట్టదు. ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని హెడర్లు మీ స్క్రిప్టుతోనే లెక్కపెట్టుకోండి. ధర సంగతి ఆ అంకె చేతిలో ఉన్నప్పుడు మాట్లాడండి.